పాతది తెస్తేనే కొత్త మాట

మొన్న పొద్దున మా శాలిబండ గల్లీలో నల్లా వచ్చే వేళకు ఒకాయన స్పానర్ల సంచీతో వచ్చి, మా గేటు పక్కనున్న పాత నీళ్ల మీటరును విప్పి బయటికి తీశాడు. దాని కడుపులోంచి గుప్పెడు నల్లటి బురద, ఆ వెనకే తడి ఇత్తడి వాసన. ఆ వాసన ముక్కుకు తగిలేసరికి నా వయసులో ముప్ఫై ఏళ్లు తగ్గిపోయాయి. మోకాళ్ల నొప్పి కూడా మాయమైందని రాద్దామనుకున్నాను గానీ, కాలేదు. గోడ పట్టుకునే లేచాను. ఆయన కొత్త మీటరు బిగించి, చేతులు తుడుచుకుని, నా చేతిలో ఒక రంగుల కాగితం పెట్టాడు. ఈ మీటరు మీ నీటి వాడకాన్ని రెవల్యూషనైజ్ చేస్తుందని అందులో పెద్ద అక్షరాలతో ఉంది. "మరి ఈ పాతది తీస్కపోవా?" అని అడిగాను. "మీరే ఉంచుకోండ్రి అంకుల్, పాతది వాపస్ ఇచ్చే పని లేదిప్పుడు," అని బండెక్కి పోయాడు. ఎస్తేరు మేడమ్ ఉండి ఉంటే ఆ ఒక్క ముక్కకే ఆయన్ను వెనక్కి పిలిచేవారు.

ఇది చదివేవాళ్లలో ఆమెను ఆఫీసులో చూసినవాళ్లు తక్కువ. అందుకని ముందు అక్కడ ఆమె ఎవరో చెప్పాలి. నీళ్ల మీటర్లు బాగుచేసే మా సర్కారీ వర్క్‌షాపు శాలిబండ నుంచి ఫలక్‌నుమా పోయే దారిలో ఒక రేకుల షెడ్డు. అందులో మూడు వందల మందిమి పనిచేసేవాళ్లం. సరే, పదహారు మందిమి. చాయ్ తెచ్చే మనిషిని కలుపుకుంటే. నేను అక్కడ క్లర్కును, ఆమె సూపరింటెండెంట్. ఫలక్‌నుమా స్టేషను వెనక సందులో వాళ్ల ఇల్లు. పొట్టి మనిషి, గంజి పెట్టిన నూలు చీర, ఎడమ చేతికి మగవాళ్ల గడియారం. అది వాళ్ల నాన్నది. ఆయన రైలు పట్టాల మీద పనిచేసిన మనిషి. గొలుసు వదులై గడియారం మోచేతి దాకా జారుతుంటే, సంతకం పెట్టే ముందు ఒకసారి చెయ్యి విదిలించి దాన్ని కిందికి దించుకునేవారు. ఆ చప్పుడు వినపడిందంటే ఎవరిదో ఒక వాక్యం తెగిందని మాకు అర్థమయ్యేది.

ఎక్కువగా తెగినవి నావే. ఆమె ఇంగ్లీషు ఇస్త్రీ చేసిన చొక్కా. నాది బారాత్ ముందు నడిచే బ్యాండు. చిన్న మాట సరిపోయే చోట పెద్ద మాట వేస్తే నౌకరీ కూడా పెద్దదవుతుందని నా నమ్మకం. హెడ్డాఫీసు సర్క్యులర్లలో కనపడ్డ ప్రతి బరువైన మాటనూ ఒక పాత డైరీలో రాసిపెట్టుకునేవాణ్ని. అట్లా దొరికిందే ఈ రెవల్యూషనైజ్. నిఘంటువు తీసి చూస్తే, ఒక పనిని, ఒక పద్ధతిని వేళ్లతో సహా మార్చేయడం అని ఉంది. వేళ్ల సంగతి నేను పట్టించుకోలేదు. ఆ మాట నోట్లో తిరిగే తీరు నాకు నచ్చింది. ఆ వారమే మా ఆఫీసుకు ఒక ఇనుప ర్యాకు వచ్చింది. "కొత్త ర్యాకు మా రికార్డు విభాగాన్ని రెవల్యూషనైజ్ చేసినది" అని నెల నివేదికలో రాసి, చొక్కా సర్దుకుని, మెప్పు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

"మాణిక్యం, ఇట్ల రా," అని పిలిచారు మేడమ్. ఆమె వెనకున్న బీరువా తలుపు తెరిచారు. లోపలి వైపు అతికించిన ఒక కాగితం మీద ఇంగ్లీషు మాటలు వరసగా ఉన్నాయి, పది పన్నెండు. అన్నిటికన్నా పైన నా మాటే! నన్ను మించిన అభిమాని దొరికారని సంబరపడ్డాను.

"ఇవి తాళంల ఉన్న మాటలు," అన్నారు. "ఊర్కె వాడుకోనికి లేదు. ఇండెంటు రాసి తీస్కోవాలె."

ఇండెంటు అంటే ఏమిటో మా షెడ్డులో అందరికీ తెలుసు. స్టోరు నుంచి ఒక వాషరు కావాలన్నా, ఇత్తడి స్క్రూ కావాలన్నా చీటీ రాయాలి. చీటీ ఒక్కటే చాలదు. అరిగిపోయిన పాత వాషరును, విరిగిన పాత స్క్రూను కిటికీ ముందు పెట్టాలి. స్టోరుకీపరు గౌస్ భాయ్ దాన్ని వెలుతురులో పట్టుకుని చూసి, నిజంగా చచ్చిపోయిందని తేల్చుకుంటేనే కొత్తది ఇచ్చేవాడు. ఎవరైనా ఖాళీ చేతులతో పోతే, "పురానా లావ్ మియా, నయా లేజావ్," అని కిటికీ మూసేవాడు. మేడమ్ ఆ స్టోరు పద్ధతినే మాటలకు పెట్టారు.

"ఈ ర్యాకు వచ్చినంక పనికిరాకుండ పోయింది ఏందో తీస్కరా," అన్నారు.

నేను వెళ్లి వెతికాను. అంతకుముందు ఫైళ్లన్నీ గోనె సంచుల్లో నేల మీద ఉండేవి. ఒక సంచీని ఈడ్చుకుంటూ తెచ్చి, గెలిచినవాడిలా ఆమె ముందు పెట్టాను. ఆమె మూతి విప్పి లోపలికి చూశారు.

"దీంట్ల ఇంకా ఫైళ్లున్నయి గదా?"

"ర్యాకుల పట్టలేదు మేడమ్."

చెయ్యి విదిలించారు. గడియారం చప్పుడైంది. నా వాక్యం కొట్టేసి, "కొన్ని ఫైళ్లు ఇప్పుడు నేల మీద లేవు" అని రాశారు.

"గంతేనా మేడమ్?" అన్నాను ఏడుపుగొట్టు మొహంతో.

"గంతే జరిగింది గదా," అన్నారు. తర్వాత, నా మొహం చూసి కాబోలు, కుర్చీ చూపించారు. "ఆ మాటకు రెండు దిక్కులున్నయి మాణిక్యం. ఒక దిక్కు కొత్తది వస్తది. ఇంకో దిక్కు ఏదో ఒకటి పోతది, మళ్ల రాదు. నీ వాక్యంల వచ్చింది కనబడుతున్నది, పోయింది కనబడ్తలేదు. పోయేది ఏందో తెల్వకుంట ఆ మాట వాడొద్దు. ఒక్కోపారి పోయేది మనిషైతడు."

ఆ చివరి ముక్క నా చెవి దాకా వచ్చింది గానీ లోపలికి పోలేదు. బయటికి వచ్చి గౌస్ భాయ్‌తో, "మేడమ్‌కు నా ఇంగ్లీషంటే కుళ్లు," అన్నాను. ఆయన పాన్ నములుతూ, "హా మానిక్ భాయ్, ఆస్మాన్ల సూరజ్ కూడా నీ కందీలును చూసి కుళ్లుకుంటడు," అన్నాడు.

మరుసటి ఏడు మా షెడ్డుకు టెస్టు బెంచీ వచ్చింది. పది మీటర్లను ఒకేసారి వరసగా బిగించి, పంపుతో నీళ్లు తోసి, ఏది సరిగా తిరుగుతోందో ఏది దొంగ లెక్క చూపుతోందో గాజు గొట్టంలో తేల్చే యంత్రం. అంతవరకు ఆ పని చేసింది బాలమణి. ఆమె పద్ధతి ఏమిటంటే, ఒక్కో మీటరులోంచి పది లీటర్ల రేకు డబ్బాలోకి నీళ్లు పట్టి, డబ్బా నిండేసరికి ముల్లు ఎంత చూపిందో చూడడం. దానికన్నా ముందు, కట్టె పిడి ఉన్న స్క్రూడ్రైవరు మొనను మీటరు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకునేది. "దీని లోపట పన్ను విరిగింది," "దీంట్ల ఇసుక దూరింది," అని విప్పకముందే చెప్పేది. ఆమె మొగుడు మా దగ్గరే ఫిట్టరుగా పనిచేస్తూ చనిపోతే, దినకూలీ కింద తీసుకున్నారు. జల్‌పల్లి నుంచి రెండు ఆటోలు మారి వచ్చేది. తొమ్మిదేళ్లుగా కూలీగానే ఉంది. పర్మినెంటు చేయాల్సినవాళ్ల జాబితాలో ఆ సంవత్సరమే పేరు ఎక్కింది.

బెంచీ బిగించిన వారంలోనే మేడమ్ భర్తకు కంటి ఆపరేషనైంది. ఆమె పది రోజులు సెలవు పెట్టారు. ఇన్‌చార్జి నేను. అంటే ఆ షెడ్డుకంతటికీ నేనే నిజామును. రాజ్యం దొరికిన రెండో రోజే హెడ్డాఫీసు నుంచి కాగితం వచ్చింది, కొత్త బెంచీ పనితీరు మీద నోటు పంపమని. బీరువా తాళంచెవి మేడమ్ దగ్గరుంది గానీ, మాట నా నోట్లోనే ఉంది కదా! ఒక పేజీలో ఆరుసార్లు వాడాను. కాదు, నిజం రాస్తానని ఒకరికి మాటిచ్చాను, రెండుసార్లే. "ఈ బెంచీ మీటర్ల పరీక్షను సంపూర్ణంగా రెవల్యూషనైజ్ చేసినది. పాత చేతి పద్ధతికి ఇక అవసరం కనిపించదు." సూపరింటెండెంట్ తరఫున అని కింద సంతకం పెట్టి, టపాలో వేసి, గౌస్ భాయ్‌కు చాయ్ ఇప్పించాను.

ఎనిమిదో రోజుకు జవాబు వచ్చింది. హెడ్డాఫీసు అంత తొందరగా జవాబివ్వడం నా సర్వీసులో అదొక్కసారే. పరీక్ష రెవల్యూషనైజ్ అయినందున, చేతి పద్ధతిలో పనిచేస్తున్న దినకూలీ టెస్టరు బాలమణి సేవలు వచ్చే నెల నుంచి అవసరం లేదు, పర్మినెంటు జాబితా నుంచి ఆమె పేరు తీసివేయాలి అని రెండే వాక్యాలు. నా మాటను నాకే తిప్పి పంపారు. నేను మాటతో ఆడుకున్నాను, వాళ్లు దాన్ని నమ్మారు.

బాలమణి చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఆఫీసులో కాగితాలకన్నా ముందు మొహాలు చదువుతారు.

"నా గురించేనట గదా సార్? మీరేం రాసిండ్రు?"

"మంచిగనే రాసిన బాలమణమ్మా. మెషీన్ గురించి రాసిన. నీ పేరే ఎత్తలేదు."

"పేరెత్తి మంచిగ రాస్తే ఏమాయె సార్," అంది. కోపంగా అన్నా బాగుండేది, నిజంగానే అడిగింది. ఆ మాట తర్వాత ఆమె పోయి మళ్లీ డబ్బా దగ్గర కూర్చుని, అప్పటికే విప్పి పెట్టిన మీటరును పూర్తిచేసింది. నేను మాత్రం ఆ పూట ఒక్క అక్షరం రాయలేకపోయాను.

రెండు రోజులకు మేడమ్ వచ్చారు. టేబులు మీద నా నోటు నకలు, పక్కన జవాబు. రెండూ చదివారు. తిడతారని ధైర్యం కూడగట్టుకుని నిలబడ్డాను. ఆమె సొరుగు తెరిచి ఒక ఖాళీ ఇండెంటు చీటీ నా ముందు పెట్టారు. "మాట తీస్కున్నవు, చీటీ రాయలే. ఇప్పుడు రాయి. పాతది తీస్కొచ్చి ఇక్కడ పెట్టు."

పాతది అంటే ఆ పది లీటర్ల డబ్బా. షెడ్డులోకి పోయాను. బాలమణి బెంచీ పక్కనే ఉంది, డబ్బాలోకి ట్యాంకు నీళ్లు పడుతూ. "ఈ డబ్బా ఇయ్యి," అన్నాను.

"జరసేపాగుండ్రి సార్. మెషీన్‌కు లెక్క పెట్టాలె."

"మెషీన్‌కు నువ్వు లెక్క పెట్టుడేంది?"

"రోజు పొద్దుగాల దీని గాజు గొట్టం సరిగున్నదా లేదా అని డబ్బాతోనే చూస్తున్నం గదా. నిన్న అర లీటరు తప్పు చూపెట్టింది. మీకు ఎవ్వరు చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. నేను బెంచీ మీద నోటు రాసిన మనిషిని. బెంచీ దగ్గరికి పోయిన మనిషిని కాదు. మేడమ్ నా వెనకే వచ్చి నిలబడి ఉన్నారు. అంతలో బెంచీకి కలిపిన లైనులో నీళ్లు వచ్చే వేళయింది. మా దగ్గర రోజు విడిచి రోజు నల్లా. ముందు గొట్టంలోంచి గాలి బుసకొడుతూ వస్తుంది, ఆ వెనక నీళ్లు. బెంచీ మీద పది మీటర్ల ముళ్లూ ఒక్కసారి గిర్రున తిరిగాయి. ఎంత చక్కగా తిరుగుతున్నాయి అని నేను మురిసిపోతుంటే, బాలమణి స్క్రూడ్రైవరు పిడిని చెవికి పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"ఇది నీళ్లు కాదు మేడమ్, గాలి. మెషీన్ గాలిని సుత నీళ్లనుకుంటది. ఇట్లనే పాస్ చేసి పంపితే, జనం ఇండ్లల్ల గాలికి బిల్లొస్తది."

మేడమ్ నా వైపు తిరిగారు. నా చేతిలో చీటీ తడిసిపోయింది. పాత వస్తువు అని రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. అందులో రాయడానికి నాకు డబ్బా లేదు, స్క్రూడ్రైవరు లేదు, బాలమణి చెవి లేదు. ఏదీ పోలేదు, ఏదీ పోవడానికి వీల్లేదు. యంత్రం మంచిదే, ఒకటి తర్వాత ఒకటి చూసే పనిని పదింటికి పది ఒకేసారి చూస్తుంది. ఆ ముక్క రాసి ఉంటే సరిపోయేది. "టెస్టింగ్ ఇప్పుడు తొందరగా అయితున్నది అని రాస్తే నీ కలం అరుగుతుండెనా?" అన్నారు మేడమ్. అంతే. అంతకుమించి ఆ రోజు తిట్టలేదు.

ఇక్కడి నుంచి జరిగింది నేను ముప్ఫై ఏళ్లుగా ఒక రకంగా చెబుతూ వచ్చాను. హెడ్డాఫీసులో పెద్ద అధికారి గదిలోకి నేను డబ్బాతో సహా దూసుకుపోయాను. డబ్బాను ఆయన అద్దాల టేబులు మీద ఠంగుమని పెట్టాను. "సార్, తప్పు నాది! ఆ మాట నాది! ఒక అక్షరానికి ఒక మనిషి కూడు పోవద్దు!" అని గర్జించాను. అధికారి లేచి నిలబడి, నా భుజం తట్టి, అక్కడికక్కడే ఉత్తర్వు చించేశాడు. ఈ కథను పెళ్లిళ్లలో చెప్పాను, పింఛను లైన్లో చెప్పాను, నా రిటైర్మెంటు సభలో మైకు పట్టుకుని చెప్పాను. చెప్పిన ప్రతిసారీ డబ్బా చప్పుడు కొంచెం పెరిగింది.

జరిగింది వేరు. మరునాడు మేడమ్, బాలమణి, నేను ముగ్గురం ఆటోలో పోయాం. గది బయట చెక్క బెంచీ ఉంది. "సార్ పిలిస్తే లోపటికి రా," అన్నారు మేడమ్. నేను డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వాళ్లిద్దరూ తెర తోసుకుని లోపలికి పోయారు. తెర పల్చటిది, ప్రతి మాటా వినపడింది.

"ఈ నోటు వాపస్ తీస్కోనికి వచ్చిన సార్," అన్నారు మేడమ్.

"ఫైలు పైకి పోయింది మేడమ్. రాసిందాన్ని ఎట్ల వాపస్ తీస్కుంటరు?"

"తప్పు మాట పడ్డది సార్. మీరొకపారి మా షెడ్డుకొచ్చి బెంచీని చూడుండ్రి. ఈమె లేకుంట అది ఒక్క రోజు నడిచినా, నేనే ఆ ఆర్డర్ మీద సంతకం పెడ్త."

కాగితం తిప్పిన చప్పుడు. తర్వాత అధికారి గొంతు, నెమ్మదిగా: "ఈ సంతకం మీది కాదు గదా. మీరప్పుడు లీవుల ఉన్నరు. రాసినోడు ఎవడు?"

నేను లేవాలి. డబ్బాను కింద పెట్టి, తెర తోసి, నేనే సార్ అనాలి. నాలుగు అడుగులు. కాళ్లు ఉన్నాయి, అడుగులు పడలేదు. నాకు ప్రమోషను ఫైలు నడుస్తోంది, ఇంట్లో తమ్ముడి పెళ్లి మాటలు నడుస్తున్నాయి, ఇట్లాంటివన్నీ ఒకేసారి గుర్తొచ్చి నన్ను బెంచీకి అంటించేశాయి.

"నేను లీవుల ఉన్న సార్. సెక్షన్ లీవుల లేదు," అన్నారు మేడమ్. "నా సెక్షన్ నుంచి వచ్చిన మాట నా మాటే."

గడియారం చప్పుడు వినపడింది. ఏదో కాగితం మీద సంతకం పెట్టారు. అది నా నోటుకు తనదే బాధ్యత అని రాసిన కాగితమని తర్వాత తెలిసింది. ఆ పై వారం అధికారి నిజంగానే షెడ్డుకు వచ్చి, నల్లా వచ్చే వేళ దాకా నిలబడి, గాలికి తిరిగే ముళ్లను చూసి, బాలమణి పేరును మళ్లీ జాబితాలో ఎక్కించి పోయాడు. మంచివాడే. కానీ తప్పుడు నోటు పంపినందుకు ఎవరికో ఒకరికి మెమో ఇవ్వాలి కదా. మేడమ్‌కు ఇచ్చారు. ఆ ఏడు ఆమెకు రావాల్సిన ప్రమోషన్ ఆ మెమో దగ్గర ఆగింది. తర్వాత రెండేళ్లకు ఆమె సూపరింటెండెంట్‌గానే రిటైరయ్యారు. నా ప్రమోషన్ వచ్చింది. ఆమే లడ్డూలు తెప్పించారు.

తిరుగు ఆటోలో చార్మినార్ దాటాక నేను, "మేడమ్, నేను లోపటికి వద్దామనుకున్న," అన్నాను. ఆమె గాజులమ్మే దుకాణాల వైపు చూస్తూ, "ఎర్కే. డబ్బా బరువుండె," అన్నారు. ఎత్తిపొడుపో, జాలో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఖాళీ డబ్బా అది.

ఆమెకు ఆ మాటంటే కోపమనుకోవద్దు. దాచుకునేంత గౌరవం. నేను చూస్తుండగా దాన్ని ఒక్కసారే తాళం తీసి ఇచ్చారు. బాలమణి పర్మినెంటు అయిన మరుసటి వేసవి, జల్‌పల్లిలో వాళ్ల కాలనీకి నల్లా లైను వేశారు. అంతవరకు అక్కడ ట్యాంకరే గతి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి, ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో రాయిని లైన్లో పెట్టి పనులకు పోయేవాళ్లు. రాయి ఉన్న చోటు ఆ ఇంటిది. ఒకరి రాయిని మరొకరు జరిపితే ఆ రోజు కాలనీ అంతా లొల్లి. బాలమణి రాయి గుండ్రంగా, పైన తెల్ల సున్నం గీతతో ఉండేదట. లైను వచ్చిన వారానికి ఆమె దాన్ని కొంగులో మూటకట్టి తెచ్చి మేడమ్ టేబులు మీద పెట్టింది.

"ఇగో మేడమ్. ఇగ ఇది నాకు పనికిరాదు. పదకొండేండ్లు నా బదులు లైన్ల నిలబడ్డది. మొన్నటి సంది పొద్దుగాల నాలుగింటికి లేస్తలేను. లేవకపోతే ఏం చెయ్యాల్నో సమజైతలేదు, ఊర్కె పండుకొని నల్లా సప్పుడు వింటున్న."

గౌస్ భాయ్ కిటికీలోంచి తల బయటపెట్టి, "పురానా పత్థర్! పాస్!" అని అరిచాడు. మేడమ్ నవ్వారు. బీరువా తెరిచి, ఆ నెల నివేదిక ముందుకు లాక్కుని, నన్ను చూసి అన్నారు: "రాయి మాణిక్యం. ఇప్పుడు రాయి. కాలనీకి నల్లా వచ్చి ఈమె పొద్దును రెవల్యూషనైజ్ చేసింది." నా చేతులతో ఆ మాట రాశాను. అంతకుముందు ఎన్నిసార్లు రాశానో, ఒక్కసారి కూడా దాని బరువు తెలియలేదు. ఆ రాయి ఆమె టేబులు మీద కాగితాలు ఎగిరిపోకుండా కూర్చుంది. రిటైరైన రోజు పూలదండ తీసి కుర్చీకి వేసి, ఆ రాయిని నా చేతిలో పెట్టి పోయారు.

నా రిటైర్మెంటు సభలో నేను డబ్బా కథ గర్జిస్తుంటే బాలమణి మూడో వరసలో కూర్చుని ఉంది. ఆ రోజు గదిలో ఉన్నది ఆమె. బయట ఉన్నది నేను. ఆ సంగతి మైకు ముందు కథ సగంలో ఉండగా గుర్తొచ్చింది. ఆపలేదు. చప్పట్లు అయ్యాక ఆమె దగ్గరికి వచ్చి, "మస్తు చెప్పిండ్రు సార్. మేడమ్ ఉంటే నవ్వుతుండె," అని, బిర్యానీ ప్లేటు తీసుకుని వెళ్లిపోయింది. మేడమ్ అప్పటికి ఒంట్లో బాగాలేక రాలేదు. వచ్చి ఉంటే ఏం చేసేవారో నాకు తెలుసు: ఒకసారి చెయ్యి విదిలించేవారు.

పోయిన చలికాలం మేడమ్ పోయారు. వాళ్ల చర్చివాళ్లు ఆమె జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నారని, నన్నూ రాయమన్నారని బాలమణి ఫోన్ చేసింది. ఆమె కూడా ఇప్పుడు రిటైరైన మనిషే. గొంతు మాత్రం అదే. "మీరే రాయాలె సార్. మీకు మంచిగొస్తది." కొంచెం ఆగి, "ఈపారి జరిగింది జరిగినట్టు రాయుండ్రి," అంది. రాస్తాను అన్నాను. నేను పైన చెప్పిన మాటిచ్చింది ఆమెకే.

కూర్చుని మొదటి వాక్యం రాశాను: ఎస్తేరు మేడమ్ నా జీవితాన్ని రెవల్యూషనైజ్ చేశారు. రాసి, రాయి వైపు చూశాను. పేపర్ల మీద కూర్చుని ఉంది, సున్నం గీత కొంచెం మాసి. పాతది ఏది మాణిక్యం, అన్నట్టుంది. నాలోంచి ఏం పోయిందని చూపించను? గొప్పలు పోయాయా అంటే, మూడు వందల మంది అని మొదలుపెట్టినవాణ్ని. వాక్యం కొట్టేసి, మొన్న మీటరు విప్పిన దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాను.

ఇప్పుడు ఇక్కడి దాకా వచ్చాను. తెర బయట బెంచీ మీద నేను కూర్చున్నానని, ఆమెకొచ్చిన మెమో నాకు రావాల్సిందని, ఇంట్లోవాళ్లకు కూడా ఇంతవరకు చెప్పలేదు. పుస్తకం అచ్చయితే మా తమ్ముడు చదువుతాడు, నా మనవలు చదువుతారు, పింఛను లైన్లో కథ విన్నవాళ్లందరూ చదువుతారు. డబ్బా ఠంగుమన్న కథను ఇక ఎక్కడా చెప్పడానికి ఉండదు. మూడు దశాబ్దాలు నా బదులు లైన్లో నిలబడింది అది.

ఆ కథను కిటికీ ముందు పెడుతున్నాను మేడమ్. వెలుతురులో పట్టుకుని చూసుకోండి. చచ్చిపోయిందని మీకు నమ్మకం కుదిరితేనే, కొట్టేసిన ఆ మొదటి వాక్యం ఇవ్వండి.